సవరణ: సేల్స్‌ఫోర్స్ నిరసన ప్రదర్శన గురించి

భీమవరం, పాలకొల్లు ప్రాంతాల్లో రొయ్యల చెరువుల లెక్కలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే మిత్రుల కోసం కథల ద్వారా ప్రచారంపై రాసిన వ్యాసంలో, 2000లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సీబెల్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ సదస్సు బయట సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లిందంటూ నినదించినవారు విసిగిపోయిన వినియోగదారులని పేర్కొన్నాను. అది తప్పు. వారు ఇంటర్నెట్ ద్వారా సాఫ్ట్‌వేర్ సేవలు అందించే పోటీ సంస్థ సేల్స్‌ఫోర్స్ డబ్బిచ్చి రప్పించిన నటులు. టీవీ సిబ్బందిగా కనిపించినవారూ నటులే. ఈ సంగతిని ఆ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్క్ బెనియాఫ్ స్వయంగా వెల్లడించారు.

ఈ తేడా చిన్నది కాదు, ఎందుకంటే వాడుకరుల అనుభవమే కథగా మారిందనడానికి ఆ ఘట్టాన్ని ఉదాహరణగా చూపాను. అర్ధరాత్రి చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోతే ఫోన్‌కు వచ్చిన హెచ్చరికతో లేచి, జనరేటర్ వేసి పంట దక్కించుకున్న రైతు గురించి మనం చెప్పేటప్పుడు, అది నిజంగా జరిగినదీ, ఆయన అనుమతితో చెప్పినదీ అయి ఉండాలి. సదస్సు ప్రస్తావన ఉన్న పేరాను తొలగించాను. మేత ఖర్చుపై ఇచ్చిన ఉదాహరణలో మార్పు లేదు.