సవరణ: మనష్షే పాపాన్ని కడిగింది సంకెళ్లు కావు

యూదా రాజు మనష్షే గురించిన క్రితం వ్యాసంలో "బబులోను సంకెళ్లే ఆయన పాపాన్ని కడిగాయి" అనే వాక్యం ఉంది. దాని బదులు "సంకెళ్లలో ఆయన దేవుణ్ణి వెదికాడు, దేవుడు ఆయన మొర విన్నాడు" అని చదువుకోవాలని మనవి. పాపాన్ని కడిగేది క్రీస్తు రక్తమేనని యోహాను మొదటి పత్రిక (1:7) చెబుతుండగా, ఆ పనిని కష్టానికి అప్పగించకూడదు.

దినవృత్తాంతములు రెండవ గ్రంథం 33వ అధ్యాయం చూడండి. బెన్‌హిన్నోము లోయలో సొంత కొడుకులను అగ్నిలో దాటించిన రాజు ఆయన. అష్షూరు సేనాధిపతులు సంకెళ్లతో బంధించి బబులోనుకు పట్టుకుపోయాక, శ్రమలో తనను తాను ఎంతో తగ్గించుకుని ప్రార్థించాడు. యెరూషలేముకు తిరిగి వచ్చాక, మందిరంలో తానే నిలిపిన విగ్రహాన్ని తీసి పట్టణం బయట పారవేయించాడు. పశ్చాత్తాపం అనగానే నాకు గుర్తుకు వచ్చేది ఆ పనే. కన్నీళ్లు ఆ తర్వాత.

శ్రమకే మార్చే శక్తి ఉంటే ఆయన తాత ఆహాజు కూడా మారి ఉండాలి. అదే గ్రంథం (28:22) ప్రకారం, ఆపదలో ఆహాజు మరింత ద్రోహం చేశాడు.

క్షమాపణ దొరికినా పర్యవసానాలన్నీ తొలగిపోలేదని కూడా చేర్చుకోవాలి. తండ్రి చేయించిన విగ్రహాలకే కొడుకు ఆమోను బలులు అర్పించాడు.

ఈ సవరణ ముఖ్యంగా, మంచాన పడినవారి దగ్గరకు ప్రార్థనకు వెళ్లేవారి కోసం. "నీ పాపానికే ఈ జబ్బు" అని దయచేసి చెప్పకండి. పుట్టుగుడ్డివాని విషయంలో యేసు ఆ మాటను తోసిపుచ్చాడు (యోహాను 9:3).