మాట్లాడినవారి పేర్లు

నల్లబల్ల మీద ఎడమ వైపు నిలువుగా ఒక గీత గీస్తారు. గీతకు కుడి పక్కన పాఠం, ఎడమ పక్కన పాపం. పాపం ఉన్న వైపు పైన ‘మాట్లాడినవారు’ అని శీర్షిక, దాని కింద రెండు గీతలు, ఆ కింద పేర్లు. తెలుగునాట బడికి వెళ్లిన ఎవరికీ ఈ పత్రం గురించి వివరించనక్కరలేదు. మీ పేరు కూడా ఎప్పుడో ఒకప్పుడు అందులోకి ఎక్కే ఉంటుంది. ఎన్నడూ ఎక్కలేదంటారా, అయితే ఆ సుద్దముక్క పట్టుకున్న లీడరు మీరే. మీ సంగతి తర్వాత చెబుతాను.

నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి పేరు గత నెలలో ఒక బుధవారం ఆ జాబితాకెక్కింది. పేరు పక్కన మూడు స్టార్లు. ఒకటంటే మాట్లాడారు, రెండంటే బాగా మాట్లాడారు, మూడంటే చెప్పినా ఆపలేదు. హోటలుకు మూడు స్టార్లు రావాలంటే ఎవరో ఒకరు వచ్చి దుప్పట్లు దులిపి, స్నానాల గది చూసి వెళ్లాలి. ఇక్కడ అంత శ్రమ లేదు.

ఇందులో విశేషమేమీ లేదు, ఒక్కటి తప్ప. ఆ బుధవారం మా అమ్మాయి బడికి వెళ్లలేదు. 102 డిగ్రీల జ్వరంతో ఇంట్లో పడుకుని, మిరియాల కషాయం తాగనని వాళ్ల నాయనమ్మతో యుద్ధం చేస్తోంది. ఆ యుద్ధంలో మాట్లాడిన మాట నిజమే, మూడు స్టార్లకు తగ్గకుండానే మాట్లాడింది. కానీ మా ఇంటికీ బడికీ మధ్య మూడు కిలోమీటర్ల దూరం ఉంది.

నేను కల్పించి చెబుతున్నానని మీకు అనుమానం రావచ్చు. సాక్ష్యం బడివారే పంపారు. హోమ్‌వర్కు కోసం రోజూ సాయంత్రం బల్లను ఫోటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం టీచరు గారి అలవాటు. ఆ ఫోటోలో కుడి పక్క పై మూలన ఇలా ఉంది: మొత్తం 42, హాజరు 39, రానివారు 8, 17, 31. పదిహేడో నంబరు మా అమ్మాయిది. ఎడమ పక్కన మా అమ్మాయి మాట్లాడింది, కుడి పక్కన మా అమ్మాయి రాలేదు. ఒకే బల్ల, ఒకే సుద్ద, ఒకే చేతిరాత, మధ్యలో ఆరడుగులు. ఈ ఫోటోకు పదకొండు మంది తల్లిదండ్రులు నమస్కారం బొమ్మ పెట్టారు. పన్నెండోవాణ్ని నేనే. హోమ్‌వర్కు తప్ప మరేదీ చూడలేదు.

శుక్రవారం జ్వరం తగ్గి బడికి వెళ్లింది. జాబితా చుట్టూ డబ్బా గీసి, పక్కన ‘చెరపరాదు’ అని రాసి ఉందట. రాజ్యాంగ సవరణకైనా దారి ఉంది గానీ ఆ డబ్బాలో ఉన్నదానికి లేదు. రెండు పీరియడ్లు తరగతి బయట నిలబెట్టారు.

శనివారం తల్లిదండ్రుల సమావేశం. ఇలాంటి సమావేశాల్లో మనల్ని పిల్లల బెంచీల మీద ఎందుకు కూర్చోబెడతారో ఆ రోజు అర్థమైంది. మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా కూర్చున్నవాడికి తప్పంతా తనదేనన్న భావం దానంతటదే కలుగుతుంది. ఫోను తీసి ఫోటో చూపించాను. టీచరు గారు దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేశారు, చిన్నది చేశారు, మళ్లీ పెద్దది చేశారు.

“ఆ రోజు మా అమ్మాయి రాలేదు కదండీ?”

“రాలేదండీ.”

“మరి మాట్లాడిందని ఉంది.”

“తను రాకపోయినా మిగతా పిల్లలు తన గురించే మాట్లాడుకున్నారండీ. ఎందుకు రాలేదు, ఏమైంది అని ఒకటే గోల. మరి దానికి కారణం ఎవరు?”

నేను తల వంచి నమస్కరించాను. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉన్నట్టేనని మన తర్కశాస్త్రం చెప్పింది. వందల ఏళ్లుగా పండితులు ఆ కొండ దగ్గరే ఆగిపోయారు. పొగ ఇక్కడ ఉంటే, నిప్పు మూడు కిలోమీటర్ల అవతల దుప్పటి కప్పుకుని పడుకుని ఉండవచ్చునని కనిపెట్టడానికి నాలుగో తరగతి టీచరు గారు పుట్టవలసి వచ్చింది. ఈ సిద్ధాంతాన్ని బడి గోడల మధ్య వదిలేయడం అన్యాయం. ఊళ్లో ఒక పెద్దాయన పోతే వీధి వీధంతా ఆయన గురించే మాట్లాడుకుంటుంది. పాడె మీద ఉన్నాయనకు ఎన్ని స్టార్లు వేద్దాం? ఇక గుళ్లో దేవుడి మాట చెప్పనక్కరలేదు. ఆయన ఏనాడూ నోరు విప్పిన పాపాన పోలేదు, అయినా ఆ గోలంతా ఆయన గురించే. ఆయన్ను తీసుకెళ్లి ధ్వజస్తంభం దగ్గర నిలబెట్టాల్సిందే, ప్రసాదం పీరియడు అయ్యేదాకా.

ఇంత మహత్తర ఘట్టంలో నా గొంతు కొంచెం పెరిగిందనుకుంటాను. బల్ల పక్కన సుద్దముక్కతో నిలబడ్డ లీడరు టీచరు గారి వైపు తిరిగి, ఎంతో బాధ్యతగా అడిగాడు: “టీచర్, అంకుల్ పేరు రాయనా?”

“వద్దులే నాన్నా” అన్నారావిడ ముద్దుగా. ఆ గదిలో క్షమాభిక్ష దొరికినవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. తొమ్మిదేళ్లవాడు. చొక్కాకు పిన్నీసుతో గుచ్చిన బ్యాడ్జీ బరువుకు ఒక పక్కకు వాలిపోతూ ఉంది. ఆ బ్యాడ్జీ వెనక నడిచే ఆర్థిక వ్యవస్థ గురించి మా అమ్మాయి నాకు తర్వాత బోధించింది. పెన్సిలు ఇస్తే ఒక స్టారు తగ్గుతుంది. రబ్బరు ఇస్తే రెండు. వాసన వచ్చే రబ్బరు ఇస్తే పేరే మాయమవుతుంది. సుద్దతో రాసినదాన్ని రబ్బరు చెరుపుతుందని ఏ సైన్సు పుస్తకమూ ఒప్పుకోదు గానీ, ఆ తరగతిలో చెరుపుతుంది. పుట్టినరోజున రెండు చాక్లెట్లు ఇచ్చినవారికి వారం రోజుల రక్షణ. మా అమ్మాయి పుట్టినరోజు వేసవి సెలవుల్లో వస్తుంది. తప్పు మాదే, ముందుచూపు లేకపోయింది.

పోనీ, టీచరు గారికి మా అమ్మాయి మీదే ఎందుకు? అదీ తెలిసింది. ఒక రోజు గుణకారం చెబుతూ బల్ల మీద 7 × 8 = 54 అని రాశారట. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. మా అమ్మాయి లేచి “యాభై ఆరు టీచర్” అంది. అంతే. ఆ మర్నాటి నుంచి ఎడమ పక్కన ఆ పేరు లేని రోజు లేదు. ‘మాట్లాడినవారు’ అన్న శీర్షికకు అసలు అర్థం నాకు అప్పుడు బోధపడింది. అది గోల చేసేవారి పట్టిక కాదు. వెనక బెంచీలో కాగితం విమానాలు ఎగరేసే ఇద్దరి పేర్లు అందులో ఎన్నడూ లేవు. వాళ్లు గోల చేస్తారే గానీ లెక్క సరిచేయరు.

టీచరు గారి కష్టాలు నాకు తెలియక కాదు. నలభై ఇద్దరు పిల్లలు, దసరాలోగా ముగించాల్సిన సిలబస్, ఆలస్యంగా వచ్చిన ఉపాధ్యాయుల పేర్లు ఆఫీసు గదిలో రాసిపెట్టే ప్రిన్సిపాల్. ఆవిడ పేరూ ఏదో ఒక బల్ల ఎడమ పక్కన ఉండే ఉంటుంది. సరే. అయితే ఆ బాకీ తొమ్మిదేళ్ల పిల్ల దగ్గర వసూలు చేయాలా?

చట్టం సంగతీ చూద్దాం, అది మరీ హాస్యం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో 17వ సెక్షన్ బిడ్డను కొట్టకూడదనడంతో ఆగలేదు, మానసికంగా వేధించకూడదని కూడా విడిగా చెప్పింది. చట్టం రాసినవాళ్లకు బెత్తం ఒక్కటే ఆయుధం కాదని తెలుసన్నమాట. మా తాతల కాలంలో వీధిబడి పంతులు కోదండం వేసి దూలానికి వేలాడదీసేవాడు, మా కాలంలో గోడకుర్చీ వేయించేవారు. ఇప్పుడు చేయి తగలనక్కరలేదు, సుద్దముక్క చాలు. ఆ చట్టం వచ్చిన 2009లోనే కడప జిల్లా మైదుకూరులో ఒక బడివారు, తెలుగు మాట్లాడిన నేరానికి, ‘ఇక తెలుగులో మాట్లాడను’ అని ఇంగ్లీషులో రాసిన పలకలు పిల్లల మెడలో వేలాడదీశారు. పేపర్లన్నీ దుమ్మెత్తిపోశాయి, మనమంతా ఛీ అన్నాం. అన్నాక ఏం చేశాం? పలకను మెడలోంచి తీసి గోడకు తగిలించుకున్నాం.

ఆ ఆదివారం సాయంత్రం మా అమ్మాయి లెక్కల పుస్తకం తిరగేశాను. ఆ రోజు పేజీలో 56 అని రాసి, కొట్టేసి, పైన 54 అని దిద్దుకుని ఉంది. దాని పక్కన ఎర్ర సిరాతో టిక్కు. దగ్గరికి పిలిచి, ఏడెనిమిదులు ఎంతమ్మా అని అడిగాను.

“బడిలోనా నాన్నా, ఇంట్లోనా?” అంది.

ఇక్కడిదాకా నవ్వుతూ రాశాను, ఇక నా వల్ల కాదు. బయట నిలబెట్టిన రెండు పీరియడ్లను ఆ పిల్ల పది రోజుల్లో మరిచిపోతుంది. ఇది మరిచిపోదు. నిజం ఒకటే అయినా జవాబు చోటును బట్టి మార్చాలని దానికి తొమ్మిదేళ్లకే వచ్చేసింది, ఒక్క పాఠం కూడా చెప్పకుండా. దీనికి మేం ఏటా ఫీజు కడుతున్నాం, మూడు వాయిదాల్లో, ఆలస్యమైతే జరిమానాతో. భోజనానికి కూర్చుంటే, ఎవరూ చెప్పకుండానే నోటి మీద వేలు వేసుకుని కూర్చుంటోంది. మా ఇంట్లో, మా వంటగదిలో! అన్నం వడ్డిస్తున్న వాళ్ల నాయనమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఎవరిచ్చారు ఆ టీచరుకు అంత హక్కు?

ఎవరిచ్చారంటే నేనే ఇచ్చాను. ఆ నెలలో డైరీలో ఎర్ర సిరాతో మూడుసార్లు రాసి పంపారు, ‘తరగతిలో మాట్లాడుచున్నది’ అని. మూడుసార్లూ కింద సంతకం పెట్టాను. ఒకసారి స్కూటరు సీటు మీద పెట్టుకుని, హెల్మెట్ కూడా తీయకుండా. ఏం మాట్లాడిందని ఒక్కసారి కూడా అడగలేదు.

ఫిర్యాదు చేస్తానంటే ఇంట్లో అందరూ ఒకే మాట: పిల్ల రేపు మళ్లీ అదే తరగతిలో కూర్చోవాలి కదా. గ్రూపులో నమస్కారం పెట్టిన పదకొండు మందిలో నలుగురు విడివిడిగా ఫోను చేసి, మా పిల్లలకూ ఇదే కథ అన్నారు. గ్రూపులో రాయండి అంటే, అమ్మో అన్నారు. తాకట్టు పెట్టిన నగ గురించి కూడా షావుకారు దగ్గర మనం ఇంత మెత్తగా మాట్లాడం.

అందుకని కాగితం మీద రాశాను. తేదీలు, ఫోటో ప్రతి, జ్వరానికి డాక్టరు ఇచ్చిన చీటీ ప్రతి, 17వ సెక్షన్, ఆ సెక్షన్ కింద ఉపాధ్యాయులపై శాఖాపరమైన చర్యకు వీలుందన్న మాట. 32వ సెక్షన్ ప్రకారం స్థానిక అధికార సంస్థకు ఫిర్యాదు ఇస్తే మూడు నెలల్లో తేల్చాలన్నది కూడా మర్యాదగా చివర్లో చేర్చాను. టీచరు గారిని ఉద్యోగంలోంచి తీసేయమని అడగలేదు. మా అమ్మాయి నోట్సులో 54ను సరిదిద్దమన్నాను, ఎర్ర సిరాతోనే, ఆవిడ చేత్తోనే.

రెండు ప్రతులు పట్టుకుని సోమవారం బడి ఆఫీసుకు వెళ్లాను. ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు కింద నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. గుమస్తా ఒక ప్రతి లోపలికి తీసుకెళ్లి, తిరిగి వచ్చి, రెండో ప్రతి మీద ముద్ర కొట్టి నా చేతికిచ్చాడు. తేదీ వేయలేదు. వేయమన్నాను. సంతకం కూడా లేదు, చేయమన్నాను. కింద పేరు, హోదా రాయమన్నాను.

“మీరు బాగా మాట్లాడతారండీ” అని గొణుగుతూనే రాశాడు.