మందు ముట్టని గింజలు

పన్ను చీము పట్టి పెద్దమ్మ క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడింది. ఆ వెంటనే విరేచనాలు పట్టుకున్నాయి. పరీక్షలో పేగుని పట్టే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా అని తేలింది. పది రోజులు దాన్ని అణిచే వాంకోమైసిన్ మందు తాగితే తగ్గి, రెండు వారాలకు మళ్లీ తిరగబెట్టింది. ముప్పై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్న పెదనాన్నకీ, కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే నాకూ ఆ రాత్రి జరిగిన వాదన ఇది.

పెదనాన్న: డోసు చాల్లేదమ్మా. ఇంకో పది రోజులు వాడితే అదే పోతుంది.

నేను: డోసు సరిపోయింది పెదనాన్నా. పెరుగుతున్న క్రిములను మందు అణిచేసింది, స్పోర్లను ముట్టుకోలేదు. బడి పుస్తకాల్లో సిద్ధబీజాలంటారే, అవి. తిండి కరువైతే ఆ క్రిమి తన డీఎన్ఏని గట్టి పొరల్లో మూటగట్టుకుని పడుకుంటుంది. వాంకోమైసిన్ చేసేది క్రిమిని కొత్త గోడ కట్టుకోనివ్వకపోవడం. కట్టడమే మానేసి పడుకున్నదాన్ని అదేం చేస్తుంది?

పెదనాన్న: అయితే మందు వల్లే ఆ గింజలు పుట్టాయంటావా?

నేను: అనను. పుట్టించేది ముఖ్యంగా ఆకలి. మందు వాటికి మొలిచే చోటు చూపిస్తుంది. పైత్యరసంలో టారోకోలేట్ అని ఒకటుంటుంది, స్పోరుని నిద్ర లేపేది అదే. పేగులో మంచి బాక్టీరియా ఉంటే పైత్యరసంలోని ఇలాంటి వాటిని డీఆక్సీకోలేట్ లాంటివిగా మార్చేస్తాయి. అలా మారినవి ఉన్నచోట డిఫిసిల్ పెరగదు. క్లిండమైసిన్ ఆ మంచివాటినే ఊడ్చేసింది. ఈ మందు వాడినవాళ్లకు పెద్దపేగు వాపు వస్తోందని 1970లలోనే గమనించారు. దానికి కారణం ఈ క్రిమేనని 1978లో తేలింది.

పెదనాన్న: దవడ వాచి రెండు రాత్రులు మీ పెద్దమ్మ ఏడుస్తుంటే నువ్వు చూశావా? మీ నాన్నకి నిమోనియా వస్తే బతికించింది యాంటీబయాటిక్కే కదా! నువ్విలా చెబుతూ పోతే జనం భయపడి టైఫాయిడ్ మందు కూడా సగంలో ఆపేస్తారు. అప్పుడు పోయే ప్రాణాలకు ఎవరు జవాబు చెబుతారు?

నేను: ఆ భయం నాకూ ఉంది. నాన్న విషయంలో మీ మాటే నిజం. కానీ విరేచనాలు మొదలైన రోజు, పరీక్ష చేయించకుండా షాపులోంచి ఇంకో యాంటీబయాటిక్ తెచ్చిచ్చారు...

పెదనాన్న: ఊరికే ఇచ్చానా? తోడుగా పేగుకి మంచి చేసే బాక్టీరియా, బాసిల్లస్ క్లాసీ సీసాలు కూడా ఇచ్చాను. అవీ స్పోర్లేగా!

నేను: స్పోర్లే. కడుపులో ఆమ్లాన్ని తట్టుకుంటాయనే వాటిని వాడతారు. ఆమాటకొస్తే మన పేగులో ఉండే మంచి బాక్టీరియాలోనూ చాలావాటికి స్పోర్లు కట్టే గుణం ఉందని 2016లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. స్పోరు అంటేనే చెడ్డదని నేననను. కానీ వందల రకాలు చేసే పని ఒక్క రకం చేయలేదు.

పెదనాన్న: అంటే లాభం కోసం అంటగట్టానంటావు. సొంత భార్యకి!

నేను: ఆ మాట నా నోట రాలేదు పెదనాన్నా.

పెదనాన్న: ముప్పై ఏళ్లలో అవసరం లేని మందు ఒక్కటి అమ్మలేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి ఇచ్చాను. ఊళ్లో అడుగు, చెబుతారు.

నేను: అడగక్కర్లేదు, నాకు తెలుసు. పెద్దమ్మ సంగతి చూద్దాం. ఫిడాక్సోమైసిన్ అని ఇంకో యాంటీబయాటిక్ ఉంది. అది క్రిమిని చంపడమే కాదు, స్పోరు కట్టకుండా కూడా అడ్డుకుంటుంది. 2011లో వచ్చిన ఒక ట్రయల్‌లో వాంకోమైసిన్ వాడి నయమైనవాళ్లలో 25 శాతం మందికి తిరగబెడితే, దీంతో 15 శాతం మందికే తిరగబెట్టింది. ఇక్కడ దొరుకుతుందేమో డాక్టర్ గారిని అడుగుదాం. అప్పటిదాకా బాత్రూమ్ దగ్గర మీరు పెట్టిన శానిటైజర్‌ని నమ్ముకోవద్దు, ఆల్కహాల్‌కి స్పోరు చావదు. సబ్బుతో రుద్ది నీళ్లతో కడుక్కోవాలి. బాత్రూమ్‌కి బ్లీచింగ్ వాడాలి.

పెదనాన్న: బ్లీచింగ్ పొద్దున తెస్తాను. డాక్టర్ గారి దగ్గరికి నువ్వూ రా, ఆ మందు పేరు నాకు నోరు తిరగదు. టైఫాయిడ్ వాళ్ల ముందు మాత్రం ఈ మాటలు ఎత్తకు.