సవతి తల్లి మంచిదైతే సరిపోయిందా?

"ఒకప్పటి సినిమాల్లో సవతి తల్లి రాక్షసి, ఇప్పటి సినిమాల్లో ఆమె స్నేహితురాలు, రెండో పెళ్లితో ఏర్పడిన కుటుంబాలను సినిమా ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చూపిస్తోంది" అనే అభిప్రాయం బాగా ప్రచారంలో ఉంది. దీనికి చూపించే ఆధారాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే ఈ మాట నిలబడదు.

దుష్ట సవతి తల్లి పాతకాలపు పాత్ర అన్నది మొదటి ఆధారం. 1978లో బాసు ఛటర్జీ తీసిన 'ఖట్టా మీఠా'లో ఎదిగిన పిల్లలున్న ఇద్దరు పార్సీలు, భర్త పోయిన ఆమె, భార్య పోయిన ఆయన, మళ్లీ పెళ్లి చేసుకుంటారు; అందులో సవతి తల్లీ దుర్మార్గురాలు కాదు, సవతి తండ్రీ కాదు. మరోవైపు కేట్ బ్లాంచెట్ క్రూరమైన సవతి తల్లిగా నటించిన 'సిండ్రెల్లా' వచ్చింది 2015లో. కాబట్టి పాతది చెడ్డది, కొత్తది మంచిది అనే విభజన కుదరదు.

రెండో ఆధారంగా 1998 నాటి 'స్టెప్‌మామ్'ను చూపిస్తారు. అది మనసు పెట్టి తీసిన చిత్రమే. పిల్లల పెంపకంపై కన్నతల్లి జాకీకీ, తండ్రితో కలిసి జీవిస్తున్న ఇసబెల్‌కూ మధ్య జరిగే ఘర్షణ నిజాయితీగా ఉంటుంది. కూతురి పెళ్లినాడు ఆ పిల్ల కన్నతల్లి లేదని బాధపడుతుందేమోనని ఇసబెల్ భయం. అసలు బాధపడదేమోనని జాకీ భయం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఈ మాట ఒప్పుకునే సన్నివేశానికి సాటివచ్చేది ఈ కోవ చిత్రాల్లో నాకు కనిపించలేదు. అయితే వారి మధ్య రాజీ కుదిర్చింది ఏమిటి? జాకీకి వచ్చిన క్యాన్సర్. కన్నతల్లి వెళ్లిపోతున్నది కనుకనే కొత్త తల్లికి చోటు దొరికింది. 2010లో కాజోల్, కరీనా కపూర్‌లతో వచ్చిన హిందీ రీమేక్ 'వి ఆర్ ఫ్యామిలీ' కూడా అదే దారిలో నడిచింది. కన్నతల్లి ఆరోగ్యంగా మరో ముప్పై ఏళ్లు బతికితే సంక్రాంతికి పిల్లలు ఎవరింట్లో ఉండాలి, స్కూలు సమావేశానికి ఎవరు వెళ్లాలి అన్న ప్రశ్నలకు ఈ చిత్రాలు జవాబు వెతకనే లేదు.

హాస్యచిత్రాల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. 2014 నాటి 'బ్లెండెడ్'లో నాయకుడి భార్య చనిపోయి ఉంటుంది, నాయిక మాజీ భర్త పిల్లలను పట్టించుకోడు. అడ్డు వచ్చేవారు లేకుండా ముందే ఏర్పాటు చేసుకుని, ఒక్క ఆఫ్రికా విహారయాత్రలో పిల్లలందరినీ కలిపేయడాన్ని వాస్తవ చిత్రణ అనలేము. దీనికన్నా 2015లో వచ్చిన 'యాంట్-మ్యాన్' వంటి సూపర్‌హీరో చిత్రమే నయం: నాయకుడి చిన్న కూతురికి కన్నతండ్రి, సవతి తండ్రి కాబోతున్నవాడు ఇద్దరూ బతికే ఉండి, ఇద్దరూ ఆ పాపను ప్రేమిస్తూ, చివరికి ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చుంటారు.

తెలుగు సినిమా కూడా మారిందనడానికి 2023లో వచ్చిన 'హాయ్ నాన్న'ను చూపిస్తున్నారు. ఒంటరి తండ్రి, అతని కూతురు, వారి జీవితంలోకి వచ్చిన యువతి: ఇంతవరకు సవతి తల్లి కథకు కావలసినవన్నీ ఉన్నాయి. కానీ ఆ యువతి జ్ఞాపకశక్తి కోల్పోయిన కన్నతల్లేనని తరువాత తేలుతుంది. కథగా అది ఎంత కదిలించినా, పరాయి స్త్రీ ఆ పాపకు తల్లి కాగలదా అన్న ప్రశ్న అక్కడితో రద్దయిపోయింది. దీన్ని ధైర్యానికి ఉదాహరణగా చూపడం సబబు కాదు.

సవతి తండ్రిని చెడ్డవాడిగా చూపితే అది వెనకడుగే అన్నది చివరి వాదన. రిచర్డ్ లింక్లేటర్ 12 ఏళ్లపాటు అదే నటులతో చిత్రీకరించిన 'బాయ్‌హుడ్' (2014) ఇందుకు సమాధానం. అందులో సవతి తండ్రి తాగుబోతు, ఇంట్లోవాళ్లను హింసిస్తాడు. తల్లి తన పిల్లలిద్దరినీ తీసుకుని బయటపడుతుంది. అన్నదమ్ముల్లా, అక్కచెల్లెళ్లలా కలిసి పెరిగిన అతని పిల్లలిద్దరూ అక్కడే మిగిలిపోతారు. వాళ్ల సంగతేమిటని కూతురు అడిగితే, వాళ్లకు చట్టప్రకారం సంరక్షకురాలిని తాను కానని తల్లి చెబుతుంది. ఇలాంటి ఇంటిలోని అసలు చిక్కును ఆ ఒక్క జవాబు బయటపెట్టినంతగా మంచి సవతి తల్లుల కథలు బయటపెట్టలేదు. ఆ చిక్కు అమెరికాకే పరిమితం కూడా కాదు. మన దేశంలోనూ తల్లిని పెళ్లాడినంత మాత్రాన ఆమె బిడ్డకు ఎవరూ చట్టరీత్యా తండ్రి కారు. అందుకు విడిగా దత్తత తీసుకోవలసిందే.