చుక్కల ముగ్గు వేసిన తోలు సీటు గారికి

మహారాజరాజశ్రీ కారు ముందు వరస తోలు సీటు వారి దివ్యసముఖానికి,

చెన్నై వేళచ్చేరిలోని అపార్టుమెంటు కింద, మూడో స్తంభం పక్కన మిమ్మల్ని నిలిపి, మీ కోసం ఆదివారాలు ధారపోసిన సేవకుడు చేసుకొనే విన్నపం. ఉత్తరం మొదట్లో ఉభయకుశలోపరి అని రాయడం ఆచారం. ఉభయుల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి ఆ మాట రాయలేకపోతున్నాను. ఆదివారం వంగిన నా నడుము బుధవారం దాకా లేవలేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఆమె ఆకుపచ్చ కంచిపట్టు చీర డ్రైక్లీనింగులో ఉంది.

చీర సంగతికి తరవాత వస్తాను. ముందు ఆ రోజు మీకు జరిగిన సేవ గుర్తుచేయాలి, మీరు మరిచిపోయి ఉంటారు. పొద్దున ఆరున్నరకు, ఎండ ముదరకముందే మొదలుపెట్టాను. కుట్ల మధ్య ఇరుక్కున్న వేరుశనగ పప్పులు, వడపళని గుడి విభూతి, మా పిల్లవాడి క్రేయాన్ ముక్క వాక్యూమ్ క్లీనరుతో లాగాను. మీ ఒంటికి క్షారం గిట్టదని చదువుకున్నవాడిని కాబట్టి, గిన్నెలు తోమే సబ్బునీళ్ల బక్కెట్టుతో సాయానికి వచ్చిన వాచ్‌మన్‌ను దండం పెట్టి వెనక్కి పంపాను. మీకని ప్రత్యేకంగా తెప్పించిన ద్రావణాన్ని నేరుగా మీ మీద చల్లలేదు. మెత్తటి బ్రష్షు మీద చల్లి, నురగ చేసి, అరచెయ్యంత మేర రుద్ది, నురగ ఆరకముందే తడిగుడ్డతో తీసి, పొడిగుడ్డతో అద్ది, అప్పుడు పక్క అరచెయ్యంత మేర. దానికి ముందు ఎవరికీ కనబడని మూలలో పరీక్షించి చూశాను కూడా. నా పెళ్లిలో నాకే ఇంత శ్రద్ధగా నలుగు పెట్టలేదు.

కావలి నుంచి వచ్చిన మా మామగారు కాఫీ గ్లాసు పట్టుకొని, కుర్చీ వేసుకొని ఇదంతా చూశారు. "అల్లుడుగారూ, మా గేదెకు ఇందులో సగం సేవ చేసి ఉంటే పూటకు ఇంకో లీటరు ఇచ్చేది" అన్నారు. మీరు పాలివ్వరని ఆయనకు తెలుసు. అందుకే అన్నారు.

తరవాత అసలు ఘట్టం. నైవేద్యం. తెల్లగా, వెన్నలా ఉండే కండిషనర్ క్రీమ్. తోలుకు కూడా ఆకలిదప్పులుంటాయని, పోషణ లేకపోతే ఎండి పగిలిపోతుందని సీసా మీద రాసి ఉంటుంది. అది చదివినప్పుడల్లా నా మనసు కరిగేది. మూడు నెలలకొకసారి చొప్పున నాలుగేళ్లు. మొన్నటిది పదహారో ఆదివారం. సీసా 850 రూపాయల చొప్పున ఎనిమిది సీసాలు, 6,800 రూపాయలు. తొమ్మిదో సీసా ఆఫరులో ముందే వచ్చి అలమరలో కూర్చుంది. పదహారు ఆదివారాల వ్రతం పూర్తవుతోంది కదా అని మొన్న కాస్త చెయ్యి జారవిడిచి, మందంగా పూశాను. మీ నడిమి భాగమంతా సన్నటి చిల్లులు, గాలి ఆడటానికట. క్రీమ్ చూస్తూ ఉండగానే మాయమైంది. ఎంత దాహం వేసిందో పాపం, తాగేశారు అనుకొని ఇంకొంచెం పూశాను.

వ్రతానికి ఉద్యాపన అదే సాయంత్రం టీనగర్‌లో, ఒక కల్యాణమండపంలో జరిగింది. మా బంధువుల అమ్మాయి నిశ్చితార్థం. వేళచ్చేరి నుంచి టీనగర్ ఎంత దూరమో మీకు తెలుసు, ఆదివారం సాయంత్రం ఎంత సేపో కూడా తెలుసు. ఆ సేపంతా మా ఆవిడ మీకు వీపు ఆనించి కూర్చుంది. ఒంటి బరువుకు, ఒంటి వేడికి, మీరు తాగారని నేను అనుకున్న క్రీమ్ ఒక్కొక్క చిల్లులోంచి ఒక్కొక్క బొట్టుగా పైకి వచ్చింది. ఆమె దిగి మండపంలోకి నడుస్తుంటే వెనక, భుజాల నుంచి నడుము దాకా, వరసలు తప్పకుండా తెల్లటి చుక్కలు. పెద్ద పండగకు కూడా అంత తీరుగా చుక్కలు పెట్టడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. కలపడమే మిగిలింది.

మా పెద్దమ్మ దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సర్దుకొని, "కంచిలో కొత్త నేతా అమ్మాయ్? చుక్కలు భలే కుదిరాయి" అని వేలితో తాకింది. చుక్క వేలికి అంటింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. తిరగగానే నా నల్ల ప్యాంటు మీది నక్షత్రమండలం అందరికీ దర్శనమిచ్చింది.

మర్నాడు ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి మిమ్మల్ని జనరల్ పాటర్స్ రోడ్డుకు తీసుకువెళ్లాను. కారు సామాన్ల దుకాణాల వరసలో, ముప్ఫయ్యేళ్లుగా సీట్లు కుడుతున్న పెద్దాయన ఒకరున్నారు. నా తమిళం విని వెంటనే తెలుగులోకి దిగిపోయారు. నేను పదహారు ఆదివారాల కథ చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. మొత్తం విని, తాగుతున్న సీసాలోంచి ఒక్క చుక్క నీళ్లు మీ మీద వేశారు. ఇద్దరం చూశాం. చుక్క గుండ్రంగా, ముత్యంలా, కదలకుండా కూర్చుంది.

"పూత లేని తోలైతే ఈపాటికి పీల్చుకొని మచ్చ పడేది సార్. ఇది తామరాకు మీద నీటిబొట్టు" అన్నారు. కార్లలో వేసే తోలు దాదాపు అంతా ఇంతేనట. తోలు మీద రంగు, రంగు మీద పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. ఎండకు, చెమటకు, కాఫీకి తట్టుకోవాలి కాబట్టి కర్మాగారంలోనే పూతతో మూసేసి పంపుతారు. నేను ఇన్నాళ్లూ తడిమింది తోలును కాదు, పూతను. ఆ తరవాత ఆయన మీ పక్క భాగాన్ని గోటితో గీకి, వీపు వెనక తట్టి, తల ఆనించే దిండు కింద వేలు పెట్టి చూసి, ఇంకొక మాట అన్నారు. "ఈ పక్కలూ వెనకా అదీ కాదు సార్. రెక్సిన్, నకిలీ తోలు."

ఇక మిమ్మల్ని మీరు అనడం నా వల్ల కాదు.

రెయిన్‌కోటు తొడుక్కొని కూర్చున్నదానివి, నాలుగేళ్లు నా చేత అభ్యంగనం చేయించుకుంటావా? పదహారు సార్లు తలంటు! కోటు మీద నూనె పోసి, కోటు మీద నలుగు పెట్టి, లోపల మనిషికి ఒళ్లు తేలికపడింది అని నేను మురిసిపోతుంటే నోరు మూసుకొని కూర్చున్నావు. నీకు నోరే లేదు, నిజమే. నోరు లేనిదానికి నాలుగేళ్లు అన్నం కలిపి పెట్టిన ఘనుణ్ని నేను. కారు బ్రేకు వేసినప్పుడల్లా మామగారు ముందుకు జారితే తోలు ఎంత మెత్తబడిందో అనుకున్నాను. మెత్తదనం కాదు, జిడ్డు. నువ్వు మెరిస్తే ఆరోగ్యం అనుకున్నాను. ఈ తోలు బాగున్నప్పుడు మెరవదట, మెరిసిందంటే పైన మురికీ నూనే పేరుకున్నాయని అర్థమట! నేను పూసిన జిడ్డుకు దుమ్ము అంటింది. దుమ్ము పోవడానికి ద్రావణం వాడాను. ద్రావణం వాడితే తోలు ఎండిపోతుందని మళ్లీ క్రీమ్ పూశాను. నూతిలో గిలక కూడా ఇంతకంటే తెలివిగా తిరుగుతుంది.

డ్రైవరు వైపు అంచున, నేను రోజూ ఒరుసుకొని దిగే చోట, సన్నటి పగుళ్లు వచ్చాయి. గుర్తుందా? వాటికి వారం రోజులు రెండు పూటలా క్రీమ్ పట్టించాను, కాలి పగుళ్లకు పట్టించినట్టు. పగిలింది పూత. దానికి క్రీమ్ పనిచేయదు, మట్టం చేసి మళ్లీ రంగు వేయాలి. పెద్దాయన ఈ మాట చెప్పడానికి అర నిమిషం పట్టింది. రెక్సిన్‌దైతే మరీ అన్యాయం, దానిలోని మెత్తదనం ఎండకు, కాలానికి పోతే ఏ క్రీమూ తిరిగి తేలేదట. మరి నీకు కావలసినదేమిటి అని అడిగాను. "తుడవడం సార్" అన్నారు. చెమట, తలనూనె, ఇసుక పూతను అరగదీస్తాయి. వారానికొకసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు, మరీ మురికైతేనే ద్రావణం. అంటే ప్రతి ఆదివారం నేను అయిదు నిమిషాల్లో ముగించవలసిన పనిని ముందు పెట్టుకొని, అక్కర్లేని పనికి మధ్యాహ్న భోజనం మానుకున్నాను.

పెద్ద దెబ్బ ఇది కాబట్టి చిన్నవాటిని లెక్కలో మాత్రం రాస్తున్నాను. "మొత్తం అచ్చమైన తోలే సార్" అని ప్రమాణం చేసి నిన్ను నాకు అంటగట్టిన షోరూము కుర్రవాడు, ఆ ప్రమాణానికి సవరణను బ్రోషరు చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో దాచినవారు, ఇద్దరూ చల్లగా ఉండాలి. లేత గోధుమరంగు నేనే ఎంచుకున్నాను, నా జీన్స్ ప్యాంటు నీలం నీకు అంటుకుంటే అది నా తప్పే. అగ్ని నక్షత్రం అని ఇక్కడివారనే మే నెల మండుటెండల్లో మధ్యాహ్నం నీ మీద కూర్చోవడం పెనం మీద కూర్చోవడమే కాబట్టి, లక్షలు పోసి కొన్న తోలు మీద ఇరవయ్యో నెల నుంచి ఎండాకాలమల్లా స్నానాల తువాలు పరిచాం. నీ పక్కటెముకల్లో ఎయిర్‌బ్యాగు ఉండబట్టి కవరు తొడగడానికి కూడా లేదు. కార్తీకంలో వానలకు పది రోజులు కారు మూసి కావలి వెళ్లి వస్తే నీ ఒళ్లంతా బూజు. అప్పుడు కూడా నిన్ను ఏమీ అనలేదు. జలుబు చేసిందనుకున్నాను.

నా సిగ్గు అసలు వేరే ఉంది. రోజూ నేను ఆఫీసుకు వెళ్లేది అడయారు సర్దార్ పటేల్ రోడ్డు మీదుగా. అక్కడ 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. తెనాలి దగ్గరి యలవర్రు నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మ గారు డైరెక్టరుగా పనిచేసిన సంస్థ. ఊరు దాటి పడమటికి వెళ్తే రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి, ఊళ్లకు ఊళ్లే తోలు మీద బతుకుతాయి. క్రోమియం లవణాలు రాకముందు ఈ దేశంలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోళ్లు పదును చేసేవారు. మన బతుకమ్మలో పేర్చే తంగేడే. ఇంత విద్య చుట్టూ పెట్టుకొని, ఆ సంస్థ గోడ పక్కన సిగ్నలు దగ్గర ఆగిన ప్రతిసారీ నేను చేసిన పనేమిటి? ఫోను తీసి, మంచు కురిసే ఏదో దేశంలో, గ్యారేజీలో చలికోటు వేసుకొని ఎవరో చేసిన వీడియో చూడడం. నీ మీద కూర్చొనే చూశాను.

బుధవారం రాత్రి, నడుము కాస్త లేచాక, కిందికి దిగి నీ ఒంటి మీది నాలుగేళ్ల నైవేద్యమంతా వదిలించాను. ఆరు గుడ్డలు నల్లబడ్డాయి. చిల్లుల్లోంచి క్రీమ్ తీయడానికి పళ్లపుల్లల డబ్బా ఒకటి ఖర్చయింది. అంతా అయ్యాక నువ్వు వెలవెలబోయి, మెరుపు లేకుండా, మొదటి రోజు షోరూములో ఎలా ఉన్నావో అలా కనబడ్డావు. చెయ్యి వేసి చూశాను. జారలేదు. కాసేపు ఊరికే కూర్చున్నాను, బండి తాళాలు చేతిలో పెట్టుకొని. బాగానే ఉన్నావు. ఆ మాట నీ కోటుతో అంటున్నానని నాకు తెలుసు.

ఇట్లు,
తడిగుడ్డ తప్ప ఇంకేదీ ముట్టనని ప్రమాణం చేసిన
మీ మాజీ సేవకుడు

తా.క.: అలమరలోని తొమ్మిదో సీసాను మామగారు అడిగి తీసుకున్నారు. కావలి బజారులో ఎప్పుడో కుట్టించుకున్న తోలు చెప్పులు ఆయనవి, ఎండి, బెరడు కట్టి, గుమ్మం పక్కన పడి ఉంటాయి. వేలితో కొంచెం తీసి రాశారు. రాసిన చోట రాసినట్టే ఇంకిపోయి తోలు నల్లబడింది. ఇంకొంచెం రాశారు, అదీ ఇంకిపోయింది. చెప్పుల జత రెండూ ముగించి, సీసా తిరగేసి అడుగున తట్టుతూ అడిగారు: "ఇంకొకటి ఉందా అల్లుడుగారూ?"