పర్మిట్ ఎందుకన్నా, దండగ?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో నిన్న రాత్రి ఒక మెసేజ్. "పెరట్లో గ్రిల్‌కి గ్యాస్ లైన్ వేయించాలి. తెలిసిన హ్యాండీమ్యాన్ ఉంటే నంబర్ పెట్టండి. పర్మిట్ గొడవ లేకుండా చేసేవాళ్ళయితే బెటర్." (పర్మిట్ అంటే ఇలాంటి పనికి సిటీ వాళ్ళిచ్చే అనుమతి. హ్యాండీమ్యాన్ అంటే లైసెన్స్ లేకుండా చిల్లర రిపేర్లు చేసేవాడు.) పది నిమిషాల్లో నాలుగు నంబర్లు వచ్చాయి. కింద ఒకాయన, "పర్మిట్ ఎందుకన్నా, దండగ" అని నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. ఆ నాలుగు నంబర్లలో ఒకటి నా ఫోన్లో ఇప్పటికీ ఉంది. ఏడువందల డాలర్లు క్యాష్ ఇచ్చి సంపాదించుకున్న అనుభవం అది. గ్రూపులో చెప్తే గొడవవుతుందని ఇక్కడ రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపికుంటే చదవండి.

ముందు బయట పొయ్యి మాకెందుకో ఇండియాలో ఉన్నవాళ్ళకి చెప్పాలి. మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడి కొత్త ఇళ్ళలో వంటిల్లూ హాలూ ఒకటే, మధ్యలో గోడ ఉండదు. శుక్రవారం చేపల పులుసు పెడితే సోమవారం ఆఫీసుకి వేసుకెళ్ళే జాకెట్‌లో కూడా అదే వాసన. పొయ్యి పైన చిమ్నీ ఉంటుంది కానీ చాలా ఇళ్ళలో అది గాలిని బయటికి పంపదు, వడగట్టి మళ్ళీ మన మొహం మీదికే వదులుతుంది. (అంత డబ్బు పోసి కొన్న ఇంట్లో ఒక్క గొట్టం బయటికి పెట్టడానికి బిల్డర్‌కి చేతులు రాలేదు. అది ఇంకో పోస్ట్.) అందుకని మా వేపుళ్ళూ పులుసులూ పిండివంటలూ అన్నీ పెరట్లోకి వెళ్ళిపోయాయి. పేరుకి బార్బెక్యూ. దాని మీద బర్గర్లు కాల్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అసలు పనంతా పక్కనున్న రెండు పెద్ద బర్నర్లదే.

మొదట్లో ప్రొపేన్ సిలిండరే వాడాం. ఇరవై పౌండ్ల సిలిండర్ అంటారు గానీ, షాపు బయట బోనులోంచి తెచ్చుకునే దాంట్లో 15 పౌండ్లే నింపుతారు. లేబుల్ మీద చిన్నక్షరాలతో రాసే ఉంటుంది, చదివేదెవరు? ఒక సంక్రాంతికి నలభై మందికి గారెలు వేస్తుంటే, వాయి నూనెలో ఉండగా మంట సన్నబడి ఆరిపోయింది. నేను కారేసుకుని సిలిండర్‌కి పరిగెత్తి వచ్చేసరికి గారెలు నూనె తాగి బరువెక్కి మూకుడు అడుగున కూర్చున్నాయి. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయం కదా. ఆ రాత్రే తీర్మానించాను, పెరట్లోకి లైన్ వేయించేయాలని.

ఇద్దరు లైసెన్స్ ఉన్న ప్లంబర్లని అడిగాను. ఒకాయన 2,800 అన్నాడు, ఇంకొకాయన మూడువేలు దాటించాడు. అరవై అడుగుల గొట్టానికి మూడువేలా అని నాకు ఒళ్ళు మండింది. అప్పుడే గ్రూపులో ఈ నంబర్ దొరికింది. ఆయన శనివారం పొద్దున వచ్చాడు, సాయంత్రానికి పనైపోయింది. ఇంటి పక్కన వాటర్ హీటర్‌కి వెళ్ళే లైన్‌లోంచి T ఆకారం జాయింటు పెట్టి ఒక పాయ తీశాడు. అక్కణ్ణుంచి అర అంగుళం నల్ల ఇనప గొట్టం ప్యాటియో దాకా లాగాడు. బర్నర్లు ప్రొపేన్‌వి కాబట్టి వాటి జెట్ రంధ్రాల్ని డ్రిల్ బిట్‌తో పెద్దవి చేశాడు. చివర్లో లైటర్ వెలిగించి జాయింట్ దగ్గర అటూ ఇటూ తిప్పి, "లీక్ లేదు సార్" అన్నాడు. ఆ లైటర్ చూసినప్పుడే నాకు బుద్ధి రావాలి. నేను పక్కనే నిలబడి తలూపాను.

తర్వాతి వారం నుంచి మొదలైంది. నేను బయట రెండు బర్నర్లూ పెద్ద మంట మీద పెడితే, లోపల స్నానం చేస్తున్నవాళ్ళకి చన్నీళ్ళు. హీటర్ మీద ఎర్రర్ కోడ్. హీటర్‌లో లోపమనుకుని ఆ కంపెనీ మనిషిని పిలిచి ఇంకో నూట యాభై సమర్పించుకున్నాను. ఆయనకి బాగు చేయడానికి ఏమీ దొరకలేదు. వంటేమో, ఇద్దరికి చికెన్ వేపుడు చేయడానికి ముప్పావు గంట.

ఇందులో మంత్రం ఏమీ లేదు. నేను ముందే కూర్చుని వేసుకోవాల్సిన లెక్క ఇది. ఇక్కడ ఇళ్ళలోకొచ్చే సహజ వాయువు ఒక్కో ఘనపుటడుగుకి సుమారు వెయ్యి బీటీయూల (వేడిని కొలిచే లెక్క) వేడి ఇస్తుంది. ఇంట్లో దాని ఒత్తిడి చాలా తక్కువ, పౌండులో పావు వంతు. అంత నీరసంగా వచ్చే గ్యాసుకి గొట్టం లావూ దూరమే ప్రాణం. ముప్పావు అంగుళం ఇనప గొట్టం 30 అడుగుల దూరానికి గంటకి 199 ఘనపుటడుగులు మోస్తుందని గ్యాస్ పనుల నియమాల పుస్తకంలో (కోడ్ అంటారు) పట్టిక ఉంది. హీటర్‌కి వెళ్ళేది అలాంటి గొట్టమే. మాది ట్యాంక్‌లెస్ హీటర్, నీళ్ళు నిలవ పెట్టకుండా అప్పటికప్పుడు కాచేది, అదొక్కటే గంటకి 1,99,000 బీటీయూ లాగుతుంది. అంటే ఆ లైన్ అప్పటికే నిండుకుండ. దానికి ఇంకో కన్నం పెట్టాడాయన. పైగా అర అంగుళం గొట్టం 60 అడుగులకి మోసేది 65 ఘనపుటడుగులు, అంటే 65 వేల బీటీయూ మాత్రమే, నా బర్నర్లు రెండూ కలిపి అడిగేది లక్ష బీటీయూ. ఊళ్ళో ఒకే బోదె మీద రెండు చేలు, పైచేనువాడు మడవ తీస్తే కిందచేను ఎండినట్టు.

పర్మిట్ కావాలంటే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాలి. ఆయన వేయలేదు, నేనూ అడగలేదు.

ఇలాగే ఏడాదిన్నర నెట్టుకొచ్చాం. అప్పుడు మా నాన్న వచ్చారు ఇండియా నుంచి.

మాది రాజోలు వైపు. గ్యాస్ అంటే మా వాళ్ళకి వేరే సంగతి. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి ఎగజిమ్మి రెండు నెలలకు పైగా మండింది. రాత్రిళ్ళు డాబా మీద పడుకుంటే ఆకాశం ఆ వైపు ఎర్రగా ఉండేది, దీపం అక్కర్లేకుండా. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో భూమిలో వేసిన గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. తెల్లారగట్ల టీ కాయడానికి పొయ్యి వెలిగించగానే అంటుకుందని పేపర్లలో వచ్చింది. కాలిన కొబ్బరిచెట్లు మా నాన్న కళ్ళారా చూశారు. అలాంటి మనిషి మా పెరట్లో గోంగూర మడి బాగు చేస్తానని పార తీసుకున్నారు. రెండో దెబ్బకి ఠంగుమంది.

"ఏరా అబ్బాయ్, ఇక్కడ ఇనుమేంట్రా?"

వెళ్ళి చూస్తే నా గ్యాస్ లైన్. నేలకి నాలుగంగుళాల లోతులో. మా ఊళ్ళో తీగపాదు విత్తనం ఇంకాస్త లోపలికి పెడతారు. గొట్టానికి పూతా లేదు, చుట్టా లేదు. డల్లాస్ నల్లమట్టి ఎలాంటిదో ఇక్కడివాళ్ళకి తెలుసు, వానకి ఉబ్బి ఎండకి బీటలు వారుతుంది, ఇంటి పునాదుల్నే కదిలిస్తుంది. దాంట్లో ఉత్త ఇనుము ఏడాదిన్నరగా నాని, తుప్పు పొరలుపొరలుగా లేస్తోంది. నాన్న పార పక్కన పెట్టేసి గొట్టాన్ని చూస్తూ నిలబడ్డారు. కాసేపాగి అడిగారు, "దీనికి వాసన ఉంటుందా?"

ఉంటుంది నాన్నా, కలుపుతారు అని చెప్పాను. సహజ వాయువుకి తనకంటూ వాసన లేదు. మేమున్న చోటికి రెండున్నర గంటల దూరంలో, తూర్పు టెక్సాస్‌లో న్యూ లండన్ అనే ఊరుంది. 1937లో అక్కడి బడివాళ్ళు గ్యాస్ బిల్లు మిగుల్తుందని కాంట్రాక్ట్ మానేసి, చమురు బావుల మిగులు గ్యాస్ పోయే లైన్‌కి కనెక్షన్ పెట్టించుకున్నారు. ఆ గ్యాస్ బడి నేల కింద ఖాళీలో చేరింది. వాసన లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. మార్చి 18న ఒక మెషీన్ స్విచ్ వేయగానే పేలింది. దాదాపు మూడువందల మంది పోయారు, ఎక్కువ మంది పిల్లలు. ఆ తర్వాతే గ్యాసుకి వాసన కలిపి తీరాలని టెక్సాస్‌లో చట్టం వచ్చింది. ఇప్పుడు మనకి తెలిసే ఆ కుళ్ళిన గుడ్ల వాసన అక్కణ్ణుంచి వచ్చిందే. దండగ అనుకునే రూల్స్‌లో చాలావాటి వెనక ఇలాంటి కథే ఉంటుంది.

మీటర్ దగ్గర వాల్వ్ కట్టేసి, ఈసారి లైసెన్స్ ఉన్నాయన్ని, ముందు 2,800 అన్నాయన్నే, పిలిచాను. ఆయన మట్టి తీసి, వాల్వ్ ఒక్క నిమిషం తెరిచి, మొదటి జాయింట్ మీద సబ్బునీళ్ళు పోశాడు. ఆవగింజంత బుడగ. అది పెసరగింజంత అయ్యి పగిలింది. మళ్ళీ అక్కడే ఇంకోటి. నేనూ నాన్నా వంగి చూస్తున్నాం. లైటర్‌కి దొరకనిది సబ్బునురుగుకి దొరికింది. మరలకి చుట్టింది నీళ్ళ పంపులకి వాడే పల్చటి తెల్ల టేపు. గ్యాసుకి పసుపు టేపు వేరే ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

ఇక లైసెన్స్ ఉన్న ప్లంబర్లు దోచుకుంటారని మనమంతా అనుకునే మాటకొద్దాం. కొంత నిజమే, నేను కాదనను. కానీ ఆ 2,800లో సగం దాకా గొట్టానిది కాదు, గ్యాసుదీ కాదు, మట్టి తవ్వడానిది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, మీకు నేను చెప్తున్నాను. కాలవ నేను తవ్వుకుంటానంటే పదిహేను వందలకి దిగాడు. పర్మిట్ ఫీజు వంద కూడా కాలేదు. ఇంకో మాట, టెక్సాస్‌లో మనం కాపురముండే సొంతింట్లో లైసెన్స్ లేకుండా మన చేత్తో మనమే గ్యాస్ పని చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. పర్మిట్, తనిఖీ సంగతి మీ సిటీ ఆఫీసులో అడిగి చేసుకోండి. చట్టం అంత ఉదారంగా ఉంటే, దొంగచాటుగా చేయించుకోవాల్సిన ఖర్మేంటి మనకి?

తవ్వే ముందు 811కి ఫోన్ చేశాను, భూమిలో ఏ లైన్ ఎక్కడుందో గుర్తు పెట్టించే నంబర్ అది. ఉచితం. మూడోరోజుకి వచ్చి గడ్డి మీద రంగులు కొట్టి వెళ్ళారు. కరెంటుకి ఎరుపు, గ్యాసుకి పసుపు, నీళ్ళకి నీలం, కేబుల్‌కి నారింజ. పెరడు హోలీ ఆడినట్టుంది. వాళ్ళు గుర్తుపెట్టేది వాళ్ళ లైన్లే, మనం సొంతంగా వేసుకున్నవి కాదు. స్ప్రింక్లర్ పైపు నేనే పగలగొట్టుకుని బురదలో తడిశాను. పద్దెనిమిది అంగుళాల లోతు, అరవై అడుగులు, రెండు శని ఆదివారాలు. గునపం నాన్న చేతిలో, పార నా చేతిలో. లెక్క చూసుకుంటే ఆయన తవ్విందే ఎక్కువ.

ఈసారి మీటర్ దగ్గర్నుంచే విడిగా అంగుళం లైన్. భూమిలో వేసేది పసుపు ప్లాస్టిక్ పైపు, తుప్పు మాటే లేదు. పక్కన ఒక సన్నటి తీగ కూడా పరిచారు. ప్లాస్టిక్‌ని డిటెక్టర్ పట్టలేదు కాబట్టి, రేపెప్పుడో తవ్వేవాడికి జాడ తెలియడానికట. మనకి తెలియని మనిషి కోసం, మనం ఇల్లమ్ముకుని పోయాక తవ్వేవాడి కోసం ఒక తీగ. నాకు ఆ తీగ మహా నచ్చింది. హీటర్ కొత్తగా పెట్టినప్పుడు మీటర్ సరిపోతుందో లేదో ఎవరూ చూడలేదు, ఈసారి దాన్ని కూడా మార్చి గ్యాస్ కంపెనీవాళ్ళు పెద్దది వేశారు.

తనిఖీ రోజు పొయ్యి తగిలించకుండా లైన్‌కి మూత బిగించి, గాలి కొట్టి, గేజ్ పెట్టారు. పొయ్యి వాల్వులు ఆ ఒత్తిడికి ఆగవట. 15 పౌండ్లు, 15 నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ మూలనున్న మొక్కని చూసి ఇదేంటని అడిగాడు. గోంగూర గురించి ఇంగ్లీషులో చెప్పడం నావల్ల కాలేదు, పుల్లటి ఆకుకూర అని ఊరుకున్నాను. నాన్న మాత్రం కళ్ళజోడు తుడుచుకుని గేజ్ ముందు గొంతుక్కూర్చున్నారు. ఐదో నిమిషంలో, "దిగుతోందిరా" అన్నారు. నిజమే, ముల్లు వెంట్రుకవాసి దిగింది. నా గుండె జారింది. చూస్తే గేజ్ బిగించిన మర దగ్గరే లీక్. బిగించి మళ్ళీ మొదటి నుంచి. ఈసారి 15 నిమిషాలూ ముల్లు కదల్లేదు, నాన్నా కదల్లేదు.

గ్రూపులో ఇంకొకాయన, "ఇదంతా ఎందుకు, గ్యారేజ్‌లో బర్నర్ పెట్టి షట్టర్ సగం ఎత్తితే సరిపోతుంది" అన్నాడు. దీనికి మాత్రం నాకు నిజంగా కోపమొచ్చింది. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను మర్చిపోయామా? డల్లాస్‌లో మైనస్ 19 సెల్సియస్ దాకా పడింది, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ వారం టెక్సాస్‌లో ఇళ్ళల్లో గ్రిల్ వెలిగించుకునీ గ్యారేజ్‌లో కారు ఆన్ చేసుకునీ కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి ఎంతమంది ఆసుపత్రుల పాలయ్యారో వార్తల్లో చూశాం. దానికి వాసన కలిపేవాళ్ళు ఎవరూ ఉండరు. ఇంకా, ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, గ్యారేజ్ నేల మీదే పరుచుకుంటుంది. అందుకే సిలిండర్ గ్యారేజ్‌లో దాచొద్దంటారు. చలికి గ్యారేజ్‌లో వేడి కావాలంటే మిషిగన్‌లో మా తమ్ముడు పెట్టించుకున్నట్టు పొగగొట్టం బయటికున్న హీటర్ పైకప్పుకి వేలాడదీయించుకోండి, అదీ పర్మిట్‌తోనే. వంట మాత్రం బయటే.

ఆ హ్యాండీమ్యాన్‌కి ఫోన్ చేశాను. "ఏడాదిన్నర పని చేసింది కదా సార్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పీకేసిన పాత గొట్టాన్ని పారేయబోతుంటే నాన్న ఆపారు. ముక్కలు తుప్పు గీకి, గోంగూర మడి పక్కన నాలుగు మూలలా పాతి, పైన తాళ్ళు అల్లి, ఇండియా వెళ్ళే ముందు దొండపాదు ఎక్కించారు. ఇప్పుడు కాపుకొచ్చింది. ఏడువందల డాలర్ల పందిరి. కాయలు మా ఇంటికీ, పక్కింటికీ సరిపోతున్నాయి.