రోడ్డుకూ ఎం.ఓ.టి. పెట్టాలని సవినయ మనవి

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో కారుకు మూడేళ్లు నిండగానే బాల్యం ముగుస్తుంది. ఆనాటి నుంచి అది ఏడాదికోసారి ఎం.ఓ.టి. (మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్) అనే పరీక్షకు హాజరై, రోడ్డు మీద తిరగడానికి తాను తగినదానినేనని రుజువు చేసుకోవాలి. పరీక్షకుడు దానిని పైకెత్తి, టార్చిలైటు పట్టుకుని కిందికి దూరి, తుప్పు పట్టిందేమోనని అడుగుభాగాన్ని తట్టి, చక్రాలను పట్టుకుని ఊపి, హారను మోగించి, వైపరు రబ్బరు చిరిగిందేమో చూసి, గరిష్ఠంగా 54.85 పౌండ్లు పుచ్చుకుని తీర్పు చెబుతాడు. ఈ ఏర్పాటు మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. తిరిగేదానికి ఇంత శ్రద్ధగా పరీక్ష పెట్టిన ప్రభుత్వం, అది దేని మీద తిరుగుతుందో దానికి మాత్రం ఎందుకు పెట్టలేదన్నదే నా సందేహం.

చరిత్ర చూస్తే ఈ సందేహం తీరకపోగా ముదురుతుంది. ఎం.ఓ.టి. 1960లో మొదలైనప్పుడు రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్. తొలుత పదేళ్లు దాటిన బళ్లకే, అదీ బ్రేకులు, లైట్లు, స్టీరింగు వరకే ఉన్న ఆ పరీక్ష 1967 నాటికి మూడేళ్ల బళ్లకూ వచ్చింది. ఈ మార్పుల్స్ గారు రాజకీయాల్లో మంత్రి కావడానికి ముందు రోడ్లు వేసే కంపెనీ ఒకదానిని స్థాపించినవారు. కార్లలోని లోపాలు వెతికించాలన్న ఆలోచన తట్టిన ఆ బుర్రకు రోడ్లలోని లోపాలు వెతికించాలన్న ఆలోచన ఎందుకు తట్టలేదో పాఠకులు తమ తమ స్వభావాలను బట్టి ఊహించుకోవచ్చు. ఆయన 1975లో పన్నుల బాధ పడలేక మొనాకోకు తరలిపోయారు. అక్కడి రోడ్లు నున్నగా ఉంటాయని వినికిడి.

పరీక్షలో నెగ్గిన కారుకు కూడా మనశ్శాంతి ఉండదు. 2018 నుంచి లోపాలను ప్రమాదకరమైనవి, పెద్దవి, చిన్నవి అని మూడు తరగతులుగా విడగొట్టారు. ఏ తరగతిలోనూ చేరని అనుమానాలను 'సలహా' అనే శీర్షిక కింద పడేస్తారు. ఈ సలహాల భాష చదివి ఆనందించదగినది. 'ఎడమ వెనక టైరు చట్టం చెప్పిన హద్దుకు దగ్గరగా అరిగింది' అంటుంది ఒకటి. 'బ్రేకు గొట్టానికి కొద్దిగా తుప్పు' అంటుంది మరొకటి. 'నూనె కారుతున్నది గాని మరీ ఎక్కువగా కాదు' అన్నది అందులోకెల్లా ఉత్తమ రచన. ఈ చిట్టా అంతా ప్రభుత్వ వెబ్‌సైటులో పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చూడవచ్చు. నంబరు ప్లేటు తెలిస్తే చాలు. సంబంధం కలుపుకోబోయేవారు జాతకం తిరగేసినట్టు, సెకండ్‌హ్యాండ్ కారు కొనబోయేవారు దీనిని ముందేసుకుని ఏ ఏడాది ఏ దశ నడిచిందో లెక్కగడతారు. పక్కింటాయన కారుకు నిరుడు ఏ బుష్షు అరిగిందో తెలుసుకునే హక్కు ఈ దేశంలో ప్రతి పౌరుడికీ ఉంది. తన వీధి రోడ్డుకు కడపటిసారి ఎప్పుడు తారు పడిందో అంత సులువుగా తెలుసుకునే వీలు మాత్రం లేదు.

ఇక కొలతల సంగతి. టైరు మధ్య ముప్పాతిక భాగంలో గాడి లోతు చుట్టూరా 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే ఒక్కో టైరుకు 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. నాలుగు టైర్లూ ఒకేసారి అరిగేంత సమభావం ఉన్న కారు యజమానికి పన్నెండు పాయింట్లు పడి, లైసెన్సుకే ఎసరు వస్తుంది. మంచిదే, తడి రోడ్డు మీద అరిగిన టైరు జారుతుంది, ప్రాణాలు పోతాయి. అదే రోడ్డు దగ్గరికి వచ్చేసరికి కొలబద్ద సాగుతుంది. రోడ్లను చూసుకునే స్థానిక సంస్థలైన కౌన్సిళ్లలో చాలావాటి నిబంధనల్లో గుంత 40 మిల్లీమీటర్ల లోతు ఉంటేనే మరమ్మతుకు అర్హత సంపాదిస్తుంది. అంతకు లోపల ఉన్నది గుంత కాదు, గుంత కావాలన్న ఆశయం మాత్రమే. నలభైని 1.6తో భాగిస్తే సరిగ్గా 25 వస్తుంది. పౌరుడి రబ్బరు మీద ఉన్న అపనమ్మకానికి పాతిక రెట్ల నమ్మకం ప్రభుత్వానికి తన తారు మీద ఉందన్నమాట.

ఆ ఆశయం నెరవేరడానికి ప్రకృతి సాయపడుతుంది. వానాకాలం అంటూ వేరే లేని ఈ దేశంలో నీళ్లు తారు పగుళ్లలోకి దిగుతాయి. శీతాకాలపు రాత్రి అవి గడ్డకట్టి ఇంచుమించు తొమ్మిది శాతం ఉబ్బుతాయి. పొద్దున్నే కరిగితే కింద బోలు మిగులుతుంది. దాని మీదుగా సరుకుల లారీ ఒకటి వెళితే తారు పెచ్చు లేచిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇక్కడ పూల మొగ్గలతోపాటు గుంతలూ విచ్చుకోవడానికి కారణం ఇదే.

గుంత పుట్టిన సంగతి కౌన్సిల్‌కు చేరితే ఒక మనిషి వచ్చి దాని చుట్టూ తెల్ల రంగు చిమ్మి చదరం గీసి వెళతాడు. ఈ గీతను తేలికగా చూడకూడదు. ఇది గుంత అస్తిత్వాన్ని రాజ్యం గుర్తించిన ముద్ర. మా వీధి మలుపులో, సరిగ్గా మురుగు మూత పక్కన, అలాంటి చదరం ఒకటి వెలిసింది. వానలకు రంగు వెలిసిపోయింది. మరో మనిషి వచ్చి పాత గీత మీదే మళ్లీ రంగు వేశాడు. ఈలోగా గుంత ఊరుకోలేదు. ఒక మూల గీత దాటి బయటికి పెరిగింది. ఆ బయటి భాగం ఏ దస్త్రంలోనూ లేదు గనక నా ముందు చక్రం అందులో పడినప్పుడు నేను నిజానికి ఎక్కడా పడలేదు.

పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. సస్పెన్షన్‌లోని స్ప్రింగు విరుగుతుంది. విరిగిన స్ప్రింగు ఎం.ఓ.టి.లో పెద్ద లోపం, కారు తప్పుతుంది. అంటే రాజ్యం ఒక చేత్తో స్ప్రింగును విరిచి, రెండో చేత్తో టార్చిలైటు వేసి చూపించి, విరిగిన స్ప్రింగుతో తిరగడానికి సిగ్గు లేదా అని అడుగుతుంది. నష్టపరిహారం అడగవచ్చు. 1980 నాటి హైవేస్ చట్టం 41వ సెక్షను రోడ్లను బాగుచేయించే బాధ్యత కౌన్సిల్ మీద పెట్టింది. అదే చట్టం 58వ సెక్షను మాత్రం, తనిఖీకి సబబైన ఏర్పాటు ఉందని చూపించుకోగలిగితే కౌన్సిల్ బాధ్యత వహించనక్కర లేదంటుంది. కనుక గుంతలో కొలటేపు నిలబెట్టి, పక్కన ఒక పౌండు నాణెం పెట్టి, వెనక వచ్చే బళ్లు హారను కొడుతుండగా ఫొటో తీసి, మెకానిక్కు బిల్లు జతచేసి పంపిన అర్జీకి, మా తనిఖీ ప్రకారం ఆ తేదీన ఆ చోట లోపమేదీ నమోదు కాలేదని మర్యాదైన జవాబు వస్తుంది. దీని తాత్పర్యం స్పష్టమే: గుంతలో మొదట పడ్డవాడు సమాచారం ఇచ్చే సంఘసేవకుడు, పరిహారం ఆశించదలచినవాడు ఓపిక పట్టి రెండోవాడుగా పడాలి.

బీమా ఉందిగా అంటారేమో. గుంత పేరు మీద ఏ బీమా కంపెనీలోనూ పాలసీ ఉండదు. అవతలి పక్షం నుంచి రాబట్టుకునే దారి లేదు గనక క్లెయిము మామూలుగా డ్రైవరు తప్పు కిందికే వస్తుంది. కొన్నేళ్లుగా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనసు పోతుంది, మరుసటేడు ప్రీమియం పెరుగుతుంది, దాని మీద 12 శాతం పన్నూ పెరుగుతుంది. గుంతకు రోడ్డు మీద జన్మహక్కు ఉందనీ, దారినపోయే కారే దాని మీదికి దౌర్జన్యంగా వెళ్లిందనీ బీమా శాస్త్ర సిద్ధాంతం. పైగా ఇప్పటి కార్లు చాలావాటిలో స్టెప్నీ ఉండదు. డిక్కీలో ఒక జిగురు సీసా, చిన్న గాలిపంపు పెట్టి ఇస్తారు. మేకు గుచ్చుకుంటే అది పనిచేస్తుంది. టైరు పక్కగోడ చిరిగితే పనిచేయదు. గుంత చీల్చేది పక్కగోడనే.

మన తెలుగువారి విషయం ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి బండి నడిపి వచ్చినవారిని ఈ దేశం భారత లైసెన్సు మీద 12 నెలలు తిరగనిచ్చి, ఆ తర్వాత తాత్కాలిక లైసెన్సు తీసుకుని కుర్రాళ్లతోపాటు వరసలో నిలబడి పరీక్ష ఇమ్మంటుంది. అక్కడి నో క్లెయిమ్ బోనసును ఇక్కడి కంపెనీలు సాధారణంగా లెక్కలోకి తీసుకోవు. గుంతల మధ్య జీవించడంలో మనవాళ్లకున్న అనుభవాన్ని ఒక వలస అర్హతగా గుర్తించి, ప్రీమియం తగ్గించకపోగా రెట్టింపు చేయడం ప్రతిభకు జరిగిన అవమానమని నా అభిప్రాయం.

ఇదంతా డబ్బు లేక జరుగుతోందా అంటే, కారు యజమాని ఇవ్వని డబ్బు లేదు. పెట్రోలు మీద సుంకం 2022 మార్చిలో ప్రభుత్వం దయతలచి తగ్గించినప్పుడు కూడా లీటరుకు 52.95 పెన్నీలు, ఆ సుంకాన్ని కలుపుకుని దాని మీద మళ్లీ 20 శాతం వ్యాట్. వాహన పన్ను సాధారణ రేటు 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 195 పౌండ్లకు చేరింది. అంతవరకు పుణ్యాత్ములుగా చలామణీ అయిన విద్యుత్ కార్లనూ అదే నెలలో పాపుల జాబితాలో చేర్చారు. ఈ పన్ను ఒకప్పుడు నిజంగానే రోడ్ల నిధికి వెళ్లేది. 1920ల్లో ఆర్థిక మంత్రిగా ఉన్న విన్‌స్టన్ చర్చిల్ ఆ నిధి మీద చెయ్యి వేశారు. 1937 నాటికి పన్నుకూ రోడ్డుకూ ఉన్న చుట్టరికం చట్టరీత్యా తెగిపోయింది. అయినా ఇంగ్లీషు కారు యజమాని నేటికీ సైకిలు మీద పోయేవాడిని చూసి 'నేను రోడ్డు పన్ను కడుతున్నాను' అని గర్వంగా అంటాడు. లేని పన్నును కడుతున్నందుకు ఇంత గర్వపడే జాతి మరొకటి ఉండదు.

తారు ఉత్పత్తిదారుల సంఘం ఏటా ఒక లెక్క తీస్తుంది. తారు అమ్ముకునేవారు తారు చాలడం లేదని చెప్పడంలో వింత లేదు గాని, వారి లెక్కను కొట్టిపారేసినవారినీ నేను చూడలేదు. 2025 లెక్క ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలోని స్థానిక రోడ్ల బకాయి మరమ్మతులకు 16.81 బిలియన్ పౌండ్లు కావాలి. సగటున ఒక రోడ్డుకు 93 ఏళ్లకోసారి కొత్త తారు పడుతోంది. ఈ ఏడాది తారు పడ్డ వీధిలో పుట్టిన శిశువు మళ్లీ అక్కడ తారు బండిని చూడాలంటే ఆరోగ్యం జాగ్రత్తగా కాపాడుకోవాలి. 2022లో రాడ్ స్టూవర్ట్ అనే వృద్ధ గాయకుడు ఎసెక్స్‌లో తన ఇంటి దగ్గరి రోడ్డు మీద తన ఫెరారీ పోవడం లేదని స్వయంగా పార పట్టుకుని గుంతలు పూడ్చారు. ఫెరారీ లేనివారు అంత దూరం ఆలోచించలేకపోతున్నారు. ప్రభుత్వం ఆలోచించింది: గుంతల పనిలో తమ ప్రగతిని వివరిస్తూ 2025 జూన్ 30 లోగా నివేదికలు ప్రచురించాలనీ, లేకుంటే అదనపు నిధుల్లో కోత పడుతుందనీ కౌన్సిళ్లను హెచ్చరించింది. కాగితం కూడా దండిగా వేస్తే గుంతను కొంతవరకు పూడుస్తుందన్నది కాదనలేని విషయం.

కనుక నా ప్రతిపాదన ఇది. ప్రతి రోడ్డుకూ మూడేళ్లు నిండగానే ఏడాదికోసారి ఎం.ఓ.టి. జరపాలి. అదే టార్చిలైటు, అదే మూడు తరగతులు, అవే సలహాలు: 'ఎడమ అంచు విరిగింది గాని మరీ ఎక్కువగా కాదు', 'మధ్య గీత ఉన్నట్టు అనుమానం'. ఫలితాలు వీధి పేరు కొట్టగానే అందరికీ కనిపించాలి. తప్పిన రోడ్డు మీద తిరగడానికి కౌన్సిల్ సభ్యులకు మాత్రమే, అదీ సొంత కారులో మాత్రమే, అనుమతి ఉండాలి. తప్పిన ప్రతి రోడ్డుకూ మూడు పాయింట్లు. పన్నెండు పాయింట్లు చేరిన కౌన్సిల్ అధ్యక్షుడు తాత్కాలిక పదవి తీసుకుని, నెలల తరబడి వరసలో వేచి, మళ్లీ పరీక్ష రాయాలి. పరీక్ష రుసుము గరిష్ఠంగా 54.85 పౌండ్లు, మార్చనక్కర లేదు.

ఈ ముసాయిదాను చట్టం తెలిసిన ఒక మిత్రుడికి చూపించాను. ఆయన శ్రద్ధగా చదివి, బాగానే ఉంది గాని అమల్లోకి వచ్చిన మరునాడే కౌన్సిళ్లన్నీ మినహాయింపు కోరతాయన్నారు. ఇప్పటి నిబంధనల్లోనే ఆ వెసులుబాటు ఉందట: తయారై 40 ఏళ్లు దాటి, గత 30 ఏళ్లలో చెప్పుకోదగిన మార్పేదీ జరగకపోతే చారిత్రక వాహనంగా పరిగణించి దానికి ఎం.ఓ.టి. నుంచి శాశ్వతంగా సెలవిస్తారు. తొంభై మూడేళ్ల సగటున మా కౌంటీలో ఆ రెండు షరతులకూ లోబడని రోడ్డు ఒకటైనా దొరుకుతుందేమోనని ఇప్పుడు పటం ముందేసుకుని వెతుకుతున్నాను.